నొప్పి లేని గడ్డ

రిబ్కమ్మ ఎడమ చెయ్యి సంగప్ప నుదుటి మీద ఉంది. కుడి చెయ్యి అతని దవడ కింద ఉంది. తల ఆమె కడుపుకు ఆనింది. తలకూ కడుపుకూ మధ్య ఒక మెత్త, ఆ మెత్త మీద సంగప్ప ఇంటి నుంచి తెచ్చుకున్న తువ్వాలు.

"కదలకు," అంది. "కదిలితే పన్ను బదులు నాలిక వస్తది."

కల్హేర్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన ఆ రైతు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. డాక్టర్ జగదేవప్ప పటకారు బిగించి, లోపలికీ బయటికీ నాలుగుసార్లు ఊపి, ఒక్క మెలి తిప్పాడు. దవడపన్ను ఇనుప పళ్ళెంలో టంగున పడింది.

ఈలోగా దవడ కింద రిబ్కమ్మ వేళ్ళు తమ పని తాము చేసుకున్నాయి. ఎముక అంచుకు లోపలగా, మెడ మొదలయ్యే చోట, శనగగింజంత గడ్డ తగిలింది. నొక్కితే జరిగింది. సంగప్ప అబ్బా అన్నాడు. మెత్తనిది, కదిలేది, నొప్పి పెట్టేది. పన్ను చీము వల్ల వచ్చిన గడ్డ, పన్ను పోయింది కనుక నాలుగు రోజుల్లో అదీ పోతుంది. వీడు ఇంటికే అనుకుంది రిబ్కమ్మ. సంగప్ప నెత్తురు ఉమ్మి, తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి పోగానే తలకు నీళ్ళు పోసుకుంటాడని ఆమెకు తెలుసు.

ఆ తువ్వాలు సంగతి ముందే చెప్పాలి. నారాయణఖేడ్ బస్టాండు రోడ్డులో జగదేవప్ప పళ్ల దవాఖాన పెట్టిన కొత్తలో బీదర్ నుంచి పాత కుర్చీ ఒకటి తెచ్చాడు. రెండో ఏడే దాని తలగడ విరిగింది. "రిబ్కా ఉండంగ తలగడ ఎందుకు?" అన్నాడు. అంతే, ఆ కుర్చీకి తలగడ రిబ్కమ్మ అయింది. చర్చి వెనక వాడలో ఉండే మనిషి కడుపుకు తల ఆనించడం ఊళ్ళో చాలామందికి మింగుడు పడలేదు. పన్ను సలుపుతుంటే మాత్రం ఎవరికైనా మింగుడు పడుతుంది కదా! మధ్యేమార్గంగా ఎవరి తువ్వాలు వారు తెచ్చుకున్నారు. దేవుణ్ణి మార్చుకున్నంత సులువుగా ఊరు మారదు.

మెత్త ఆమే కుట్టింది. చచ్చిపోయిన తల్లి చీర, కంగ్టి చేలలో ఏరగా మిగిలిన పత్తి. ప్రతి ఆదివారం గలీబు ఉతికేది. తువ్వాలు తెచ్చుకునే స్తోమత లేనివాళ్ళ తలల నూనె మరక మాత్రం పోలేదు. పందొమ్మిదేళ్ళుగా తలలు ఆనీ ఆనీ మధ్యలో ఒక గుంట పడింది.

రిబ్కమ్మకు యాభై ఉంటాయి. పొడగరి. మణికట్లు మగవాళ్ళకున్నంత లావు. గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకునేది. పళ్ళు తెల్లగా, వరసగా ఉండేవి, ఆ పళ్ళ వెనకున్న నోరే మంచిది కాదు. రోగులను తిట్టేది, మందులు తెచ్చేవాణ్ణి తిట్టేది, తువ్వాలు తెచ్చుకున్నవాళ్ళ తలను కాస్త ఎక్కువే బిగించి పట్టేది. ఒకసారి ఒక పటేలు భార్య చెవులు కందిపోతే, "నా చేతులు గంతే. మెత్తటి చేతులు కావాల్నంటే ఇంటికాడనే పీక్కోవాలె," అంది. కరువు వచ్చిన ఏడు మొగుడు బొంబాయి కూలికి పోయాడు, పోయినవాడు పోయినట్టే. పిల్లలు లేరు. ఆమెకంటూ ఉన్నవి ఈ రెండు చేతులు, రోజూ వాటిలోకి వచ్చే పది పదిహేను తలలు.

డాక్టరుకూ ఆమెకూ ఉప్పూ నిప్పూ. ఇన్నేళ్ళలో జగదేవప్ప ఆమె చేతి నుంచి ఒక్క వస్తువు అందుకోలేదు. ఆమె పటకారు పళ్ళెంలో పెట్టాలి, ఆయన పళ్ళెంలోంచి తీసుకోవాలి. అడిగితే క్రిములు అంటాడు. మందుల కంపెనీ మనిషి ఇచ్చే మిఠాయి మాత్రం చేతికి చెయ్యే. ఆ మనిషికి క్రిములుండవు కాబోలు.

మరి ఎందుకు ఉంది అంటే, పొట్టకూటికి ఉంది. దానితో పాటు ఎవరికీ చెప్పని గర్వం ఒకటి ఉంది. నారాయణఖేడ్ తాలూకాలో తలలు తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. చెవి ముందర దవడ కీలు ఎక్కడ కిర్రుమంటుందో, పళ్ళు బిగిస్తే బుగ్గ కండ ఎక్కడ గట్టిపడుతుందో, దవడ అంచు మీద నాడి ఎక్కడ కొట్టుకుంటుందో ఆమె వేళ్ళు చూడకుండానే చెప్పేవి.

తలలు పట్టే పనిలో మూడో ఏటనుకుంటా, కంగ్టి నుంచి రుక్కమ్మ అని ఒక ముసలామె వచ్చింది. డాక్టరు పన్ను పీకి పంపాడు. ఆమె దవడ కింద రిబ్కమ్మ వేళ్ళకు రాయి లాంటి గడ్డ తగిలింది. నొక్కితే జరగలేదు, రుక్కమ్మ కిక్కురుమనలేదు. నొప్పి లేదు కదా, మంచిదే అనుకుంది రిబ్కమ్మ. ఆరు నెలలకు రుక్కమ్మ పోయింది. పోయేనాటికి గుక్కెడు నీళ్ళు దిగలేదట. ఆ తర్వాత మరొకరు, మరొకరు. నాలుగో మనిషి పోయాక రిబ్కమ్మకు లెక్క అందింది. అప్పటి నుంచి అలాంటి మెడ చేతికి తగిలితే, ఆ మనిషి మెట్లు దిగేటప్పుడు వెనకాలే పోయి, భుజం మీద చెయ్యి వేసి చెవిలో చెప్పేది: "నొప్పి ఉన్న గడ్డ ఇంటికి, నొప్పి లేని గడ్డ పట్నానికి. పెద్ద దవాఖానకు పో. గీ వారమే పో." తిట్టే నోరు ఆ ఒక్క మాటకు మెత్తబడేది. ఇద్దరు బతికి వచ్చి, కొంగులో పల్లికాయలు పోసి పోయారు. ఈ సంగతి డాక్టరుకు తెలియదు. దవాఖాన గోడకు తగిలించిన తలా మెడా బొమ్మలో ఉన్న పేర్లన్నీ ఆయనకు వచ్చు. మెడ మీద వేలు పెట్టే తీరికే లేదు.

ఇక మూడు నెలల కిందట రిబ్కమ్మ జగదేవప్ప మెడ చూసింది.

ఎడమ వైపు, దవడ మూలకు రెండు వేళ్ళ కింద. మొదట చొక్కా కాలరు దాపున చిన్న ఎత్తు. తర్వాత రేగుపండంత. జగదేవప్ప లింగాయతు. వెండి కాయలో లింగం మెడలో ఎప్పుడూ ఉంటుంది, దాని దారం బయటివాళ్ళు ముట్టరాదు. గడ్డం గీసే మనిషి కూడా మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపుతాడు, డాక్టరే దారాన్ని పక్కకు పట్టుకుంటాడు. అందుకని ఆ మెడ మీద పరాయి వేలు పడింది లేదు. ఆయన తనకు తానే తేల్చేసుకున్నాడు, దారం ఒరుసుకుని కాయ కాసిందని. నూలు దారం తీసి పట్టు దారం వేశాడు. తగ్గలేదు. ముడిని కుడి వైపుకు జరిపాడు. తగ్గలేదు. కాలరు బొత్తం విప్పి తిరగడం మొదలుపెట్టాడు. ఎదుటివాడి మెడ మీది గడ్డ రోగం, తన మెడ మీది గడ్డ దారం ఒరుపు. ఎంత చదివినా మనిషి మనిషే.

రిబ్కమ్మ ఇవన్నీ చూసింది. మొదట సంతోషించింది, దాచడం దేనికి? కానీ ఆ సంతోషం మూడు రోజులే. తర్వాత వేళ్ళు పీకడం మొదలైంది. ఒక్కసారి ముట్టుకుంటే తెలిసిపోతుంది. రెండడుగుల దూరంలో ఉంది ఆ మెడ. పందొమ్మిదేళ్ళుగా ఆ రెండడుగులే దాటలేదు, ఇప్పుడెలా దాటుతుంది? మెట్ల మీద వెనకాలే పోయి చెవిలో చెబుదామా అని రెండుసార్లు అనుకుంది. రెండుసార్లూ ఆయన ఏదో ఒకటి అన్నాడు, ఆమెకు మండింది, మానేసింది.

సంగప్ప తర్వాత ఇంకో ఆరుగురు వచ్చిపోయారు. మధ్యాహ్నం పాఠం వేళ అయింది. పళ్ళ శుభ్రత పని నేర్చుకునే ముగ్గురమ్మాయిలను పట్నంలోని శిక్షణాలయం వారు నెల రోజులు ఇక్కడికి పంపారు. అందులో లిదియా అనే పిల్లది కంగ్టి, రిబ్కమ్మ చెల్లెలు ఉండే వాడే. నూనె రాసిన జడ, అట్ట వేసిన నోట్‌బుక్కు, డాక్టరు అరిస్తే చాలు నీళ్ళు తిరిగే కళ్ళు.

జగదేవప్ప గోడ మీది బొమ్మ ముందు కర్ర పట్టుకు నిలబడ్డాడు. సగం ముఖానికి చర్మం ఉండి, సగానికి లేని మగవాడి తలా మెడా ఆ బొమ్మ. కండలు ఎర్రగా, నరాలు పసుపుగా, గ్రంథులు పచ్చని గింజల్లా ఉన్నాయి.

"తోలు కింద ఏముందో ఎరకలేనోళ్ళు నోట్లె చెయ్యి పెట్టొద్దు," అన్నాడు. "ఇదేంది?"

ఒక పిల్ల తప్పు చెప్పింది. సుద్దముక్క ఆమె చెవి పక్కగా పోయింది.

"సాకు, సాకు! ఏయ్ రిబ్కా, వచ్చి కూసో."

సాకు అంటే వాళ్ళ ఇంటి కన్నడంలో చాలు అని. రోజుకు వందసార్లు అంటాడు. రిబ్కమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. పాఠం ఉన్న రోజుల్లో ఆమె తల ఈ పనికి వస్తుంది. వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు కనుక మెడ నిటారుగా పెట్టుకుని తన తల తానే మోసుకుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దవడ, చెవి ముందర, గదవ కింద తడిమారు. లిదియా వేళ్ళు చల్లగా ఉన్నాయి. దవడ అంచున నాడి దొరక్క తచ్చాడుతున్నాయి.

"ఇంకొంచెం ముందటికి, బిడ్డా," అంది రిబ్కమ్మ మెల్లగా. "పండ్లు బిగవడ్త. ఆ కండకు ముందల, ఎముక మీద, ఆడ సూడు. కొట్టుకుంటుందా?"

లిదియా ముఖం వెలిగింది. "దొరికింది పెద్దమ్మా!"

"బొమ్మ మాట్లాడొద్దు," అన్నాడు జగదేవప్ప. "గోడ మీది బొమ్మ మాట్లాడుతుందా? ఈ బొమ్మ గూడ మాట్లాడొద్దు. తలలు పట్టనీకె తెలివెందుకు?"

మిగతా ఇద్దరమ్మాయిలు నవ్వారు. భయానికి నవ్వారో, నవ్వొచ్చి నవ్వారో. రిబ్కమ్మ చెవులు మండాయి.

లిదియా గదవ కింద ఇంకోసారి తడిమి అడిగింది. "సార్, ఈమెకు అన్నీ మెత్తగనే ఉన్నయి. చెడ్డ గడ్డ ఎట్లుంటది సార్?"

"రాసుకోండి." జగదేవప్ప కర్ర చంకలో పెట్టుకున్నాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఏకరువు పెట్టాడు. "మెత్తగ ఉండి, కదిలి, నొప్పి పెడితే చీము వల్ల వచ్చింది. గట్టిగ ఉండి, కదలకుండ, నొప్పి లేకుండ ఉంటే ప్రమాదం. జల్ది పెద్ద దవాఖానకు పంపాలె."

చెబుతూ చెబుతూ ఆయన చూపుడువేలు కాలరు లోపలికి పోయి, ఆ ఎత్తు మీద గోకుతోంది.

రిబ్కమ్మకు ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తాను నలుగురి చావు చూసి నేర్చుకున్న మాట ఇది. తనదొక్కతిదే అనుకున్న మాట. అది ఈయన పుస్తకంలో మొదటి నుంచీ ఉంది! రుక్కమ్మ ఈ కుర్చీలో కూర్చున్న నాడు కూడా ఉంది. తెలిసీ ఒక్క మెడ మీద వేలు పెట్టలేదు. తెలియక పోగొట్టుకుంటే పాపం అనుకోవచ్చు, తెలిసి పోగొడితే ఏమనాలి? పందొమ్మిదేళ్ళ పళ్ళెం, పందొమ్మిదేళ్ళ తువ్వాళ్ళు, ఇప్పటి నవ్వు, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి.

"చెడ్డది సూడాల్నంటే గంత దూరం ఎందుకు?" అంది కుర్చీలోంచే. "మీ సారు మెడ మీదనే ఉన్నది. ఎడమ దిక్కు. సూసి రాసుకోండ్రి."

పిల్లలు ముగ్గురూ ఆ మెడ చూశారు, చూడకుండా ఎలా ఉంటారు?

"ఏమన్నవ్?"

"మూడు నెలల సంది సూస్తున్న. నూలుది తీసి పట్టుది ఏసినవ్. ముడి ఇటు జరిపినవ్. బొత్తం ఇప్పినవ్. గది దారం పని కాదు."

జగదేవప్ప కాలరు మూసుకున్నాడు. ముఖం నల్లబడింది. "నాకు శాపం పెడ్తున్నవా? పోరగాండ్ల ముందల? తలలు పట్టేదానివి, నాకు చెప్తవా నువ్వు? లే! లే కుర్చీల నుంచి! ఇగ రేపటి సంది ఈ గడప తొక్కకు."

రిబ్కమ్మ లేచింది. మూలన కుండలో నీళ్ళతో చేతులు కడుక్కుంది, కొంగుకు తుడుచుకుంది. గుమ్మం దాకా పోయేసరికి కోపం కాళ్ళలోకి దిగిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు సంగతి ఎలా ఉన్నా, ఇవాళ తన నోరు మంచిది కాలేదు. ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు భుజం మీద చెయ్యి వేసి చెవిలో చెప్పిన మాటను ఈయన మీదికి రాయి విసిరినట్టు విసిరింది. విసిరిన రాయిని ఎవరైనా తప్పించుకోవాలనే చూస్తారు, అదేం రాయో చూడరు. ఆమెకు సిగ్గేసింది.

వెనక్కి తిరిగింది. ఆ గొంతు పిల్లలెవరూ అంతకుముందు వినలేదు.

"సాబ్. ఒక్కటి చెప్పు, పోత. నొస్తదా, నొయ్యదా?"

జగదేవప్ప గెలిచినవాడిలా నవ్వాడు. గడ్డ మీద బొటనవేలితో గట్టిగా, వాళ్ళందరూ చూసేట్టు నొక్కుకున్నాడు.

"నొయ్యదు. ఈసమంత గూడ నొయ్యదు. సాలునా? నడువ్ ఇగ."

లిదియా చేతిలో కలం ఆగింది. ఆమె తల వంచి, ఇప్పుడే రాసుకున్న వాక్యం వైపు చూస్తోంది. రిబ్కమ్మ మెట్లు దిగింది.

వాడకు పోయి ఉన్న రెండు చీరలు మూట కట్టుకుని, మూడు గంటల కంగ్టి బస్సెక్కింది. బస్సు డిపో దాటుతుంటే మెత్త గుర్తొచ్చింది. మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. అమ్మ చీర. దిగి పోయి తెచ్చుకోవచ్చు. గడప తొక్కకు అన్నాడు కదా అనుకుంది, దిగలేదు.

కంగ్టిలో చెల్లెలు ఇంద్రమ్మ ఏమీ అడక్కుండా ఇంత జొన్నరొట్టె పెట్టింది. రిబ్కమ్మ కూలికి పోయింది. పత్తి ఏరింది, కంది కోసింది, శనగ పీకింది. వరసలో పక్క మనిషి తలకు మూట ఎత్తేటప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ సేపు మెడ దగ్గర ఆగేది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున, శిక్షణ అయ్యాక ఆ దవాఖానలోనే పనికి కుదిరిన లిదియా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సారు పోయిండు పెద్దమ్మా. రాత్రి."

పట్నం పోవడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టిందట. అక్కడి వాళ్ళు, మీరే డాక్టరు కదా, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని అడిగారట. చివరికి గుక్కెడు నీళ్ళు దిగలేదట.

"ఏమన్న అన్నడా?"

లిదియా నేల చూస్తూ చెప్పింది. "రిబ్కా నోరు తగిలింది అన్నడు. ఖేడ్‌ల అందరు గట్లనే అంటున్రు."

"అననీ," అంది రిబ్కమ్మ. కొంగు సవరించుకుంది. "బస్సు ఎన్నింటికి?"

జగదేవప్ప ఇంటి ముందు జనం ఉన్నారు. రిబ్కమ్మ దగ్గరికి పోలేదు. రోడ్డుకు ఇవతల, మూసి ఉన్న దుకాణం రేకుల కింద నిలబడింది. ఇద్దరు ముగ్గురు ఆమెను చూసి ముఖం తిప్పుకున్నారు. ఒకామె ఉమ్మేసింది.

లింగాయతులు శవాన్ని పడుకోబెట్టరు. కూర్చోబెట్టి తీసుకుపోతారు, కూర్చోబెట్టే సమాధి చేస్తారు. జగదేవప్పను అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నుదుటి నిండా విభూతి, మెడలో పట్టు దారం. కానీ తల నిలబడటం లేదు. ఎడమ వైపు మెడ అంతా గడ్డే అయింది. గదవ కింద బట్ట కట్టి పైన మేకుకు బిగించారు. జారింది. ఒక చుట్టం పట్టుకున్నాడు, చేతులు ఎక్కడ వేయాలో తెలియక వదిలేశాడు. మళ్ళీ జారింది. రోడ్డుకు ఇవతల రిబ్కమ్మ చేతులు వాటంతట అవే లేచాయి. ఎడమది నుదుటి ఎత్తున, కుడిది దవడ ఎత్తున. మధ్యలో ఏమీ లేదు. ఆమె ఏడ్చింది. ఆ మనిషి కోసం ఏడుస్తానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

డాక్టరు భార్య పార్వతీబాయి ముఖం తుడుచుకుని అటూ ఇటూ చూసింది. "దవాఖానల ఒక మెత్త ఉండె గద, తలలకు పెట్టేది? ఎవరన్న తెండ్రి."

లిదియా పరుగున పోయి తెచ్చింది. ఆర్నెల్లుగా మేకునే ఉందట, ఎవరూ తీయలేదు. గోడకూ తలకూ మధ్య పెట్టారు. వెనకతల ఆ గుంటలోకి సరిగ్గా ఒదిగింది. తల నిలబడింది. మధ్యలో తువ్వాలు వేయాలని ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం పూలు కట్టిన పల్లకీ లాంటి విమానం వచ్చింది. ఆయనను ఎత్తి అందులో కూర్చోబెట్టారు, డప్పులు మొదలయ్యాయి, జనం కదిలి సందు మలుపు తిరిగారు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి అరుగంతా కడిగారు. శవం తలకు పెట్టిన మెత్తను ఎవరూ ముట్టుకోలేదు, దాని చుట్టూరా నీళ్ళు పోసుకుంటూ పోయారు. రిబ్కమ్మ కొంచెంసేపు చూసి, కంగ్టి బస్సు కోసం నడిచింది.

కడిగిన అరుగు మీద మెత్త ఒక్కటే ఉంది. మధ్యలో గుంట అలాగే ఉంది, ఎడమ అంచు మాత్రం కొత్తగా కొంచెం నొక్కుకుపోయింది.